గురువారపు పూర్వపక్షం

నా తమ్ముడు రెమీ తన దేవుడికి ఎదురు వాదించమని నన్ను బతిమాలిన వసంతంలో, మా ఇంట్లో అధ్యక్షస్థానం తలలేని ఒక బొమ్మది.

అమ్మ చర్చి గురువులకూ, గురువులు కాబోయే గురువిద్యార్థులకూ నల్లని నిలువుటంగీలు కుట్టేది. మా ఊరు లూవెన్‌లో ఆ పనికి కరువుండేది కాదు. వీధిలో ఎదురైన మగవాళ్ళలో సగానికి సగం అంగీల్లోనే ఉండేవారు. వంటింటిని ఆనుకున్న గదిలో, కిటికీ పక్కన, కుట్టుమిషన్‌కు ఎదురుగా దర్జీబొమ్మ నిలబడి ఉండేది. దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒక అంగీ, ఒక చెయ్యి అతికి ఒక చెయ్యి అతకక, వేలాడుతుండేది. రెమీ ఆ బొమ్మకు ‘ప్రొఫెసర్ గారు’ అని పేరు పెట్టాడు.

రెమీ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదువుతూ గురువిద్యార్థుల వసతిగృహంలో ఉండేవాడు. గురువారం మధ్యాహ్నాలు వాళ్ళకు సెలవు. తక్కినవాళ్ళు జంటలు జంటలుగా కాలువగట్టు మీద నడకకు వెళితే, తండ్రి లేని ఇల్లన్న కారణం మీద రెమీకి ఇంటికి రావడానికి అనుమతి ఉండేది. నేను ఆ ఇంట్లోనే మేడమీది గదిలో ఉంటూ ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. 1956లో మా ఊళ్ళో ఈ ఇద్దరూ ఒకే కడుపున పుట్టడం చెప్పుకోదగ్గ వింత. చర్చి బడులకు ప్రభుత్వం చేయూత తగ్గించిందని దేశమంతా ఊరేగింపులు తీస్తున్న రోజులు. రొట్టెల కొట్టు ఆవిడ రెమీకి ఎదురువచ్చి పలకరించేది. నా చేతిలో రొట్టె పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలైన వారం రెమీ టోపీ తీసి, ప్రొఫెసర్ గారి భుజం మీద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు.

“అన్నయ్యా, నీతో పని పడింది.”

“అంగీ ఇస్త్రీ చెయ్యాలా?”

“కాదు. దేవుణ్ణి పడగొట్టాలి. ఈస్టర్ దాకా టైముంది.”

నోట్లో గుండుసూదులు ఉన్నందువల్ల అమ్మ పళ్ళ సందులోంచి మాట్లాడింది. “ఇంట్లో అలాంటి మాటలేంట్రా?”

“అమ్మా, మా వసతిగృహం పెద్దాయనే ఒప్పుకున్నాడు. ఇంట్లో దేవుణ్ణి నమ్మని అన్న ఉన్నాడని చెబితే, ‘మీ ఇంటికి దేవుడిచ్చిన వరం, వాడుకో’ అన్నాడు.”

విషయం ఇది. ఈస్టర్ తర్వాత వాళ్ళకు పెద్ద సభామందిరంలో బహిరంగ శాస్త్రవాదం ఉంటుంది. ఒకడు సిద్ధాంతాన్ని నిలబెట్టాలి, ఇంకొకడు పూర్వపక్షిగా దాన్ని పడగొట్టడానికి చూడాలి. ఎవరికి ఏ పక్షం వస్తుందో ఆ పూట చీటీ తీస్తేగాని తెలియదు. వాదం లాటిన్‌లో నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది: పూర్వపక్షి ఆక్షేపించగానే రెండోవాడు జవాబు చెప్పకూడదు. ముందుగా ఆ ఆక్షేపణను తన నోటితో తిరిగి చెప్పాలి. పూర్వపక్షి విని, ‘అవును, నేనన్నది అదే’ అనాలి. అనకపోతే మళ్ళీ చెప్పాలి. ఆ మాట వచ్చేదాకా జవాబు చెప్పే హక్కు వాడికి లేదు.

మతం వైపునుంచి నా చెవిన పడినవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి నియమం అది. మా పాఠశాల ఉపాధ్యాయుల సమావేశాల్లో దాన్ని ప్రవేశపెడితే సమావేశాలే ఉండవని కూడా అనుకున్నాను.

“ఏ సిద్ధాంతం?”

“విశ్వాసం మనిషి స్వేచ్ఛగా చేసే పని. బుద్ధికి విరుద్ధం కాదు. ఇంతే.”

“ఇంతేనా? అయితే విను. సాక్ష్యం చాలినంత ఉంటే నమ్మక తప్పదు. అప్పుడు స్వేచ్ఛ లేదు. సాక్ష్యం చాలకపోతే నమ్మడం తొందరపాటు. అప్పుడు బుద్ధి లేదు. రెండిట్లో ఏది పోగొట్టుకుంటావో తేల్చుకో.”

రెమీ కళ్ళు మూసుకున్నాడు. “నువ్వనేది, విశ్వాసం గుడ్డిదని.”

“కాదు. గుడ్డిదని నేనన్లేదు. కొట్టెయ్యడానికి సులువుగా ఉండేలా నా మాట మార్చావు.”

“సరే. నువ్వనేది, విశ్వాసానికి సాక్ష్యం లేదని.”

“అదీ అన్లేదు. ఉన్నా చిక్కే, లేకున్నా చిక్కే అన్నాను.”

అతను లేచి ప్రొఫెసర్ గారి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత నా ఆక్షేపణను నేను చెప్పినదానికంటే పదునుగా, నేను చూడని మరో అంచు కూడా తొడిగి, తిరిగి చెప్పాడు. అతని మొహం వెలిగిపోతోంది. “అవును, నేనన్నది అదే,” అని నేను ఒప్పుకోవలసివచ్చింది. అప్పుడు జవాబు మొదలుపెట్టాడు. అది రైళ్ళ రాకపోకల పట్టిక చదువుతున్నట్టుగా ఉంది. తప్పులేదు, తడబాటు లేదు, ప్రాణమూ లేదు.

అలా ఎన్నో గురువారాలు గడిచాయి. ఆట భోజనాల బల్ల దాకా పాకింది.

“సూపులో ఉప్పెక్కువైందన్నావు కదూ?” అని అమ్మ అనేది.

“ఎక్కువైందన్లేదమ్మా. తక్కువ కాలేదన్నాను. మళ్ళీ చెప్పు,” అని రెమీ అనేవాడు.

“తక్కువ కాలేదన్నావు. ఇప్పుడు జవాబు చెప్పచ్చా? నోరు మూసుకుని తిను.”

నేను గమనిస్తూ వచ్చిన సంగతి మాత్రం ప్రతివారం మారకుండా ఉంది. ఆక్షేపణను చేతిలోకి తీసుకున్నప్పుడు వెలిగే మొహం, జవాబు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయేది. దానికి నేను కట్టిన అర్థం స్పష్టమైనదే: వీడికి విశ్వాసం లేదు, ఇంట్లో ఒక కొడుకు దారితప్పాడు గనుక రెండోవాణ్ణయినా దేవుడికిచ్చి లెక్క సరిచేయాలని అమ్మ ఆశపడుతోంది, ఆ ఆశను తుంచలేక వీడు వెళుతున్నాడు. ఒక గమనింపుకు ఒకటికి మించి కారణాలు ఉండవచ్చునని పిల్లలకు ప్రతి ఏడూ నల్లబల్ల మీద రాసి చూపించేవాణ్ణి నేనే.

ఈస్టర్ తర్వాత జరిగిన బహిరంగ వాదానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. చీటీలో రెమీకి పూర్వపక్షం వచ్చింది. ఎదుటివాడు నామూర్ నుంచి వచ్చిన, గట్టి గొంతు గల కుర్రవాడు. రెమీ వేసిన ఆక్షేపణను అతను తిరిగి చెప్పడానికి ప్రయత్నించాడు. రెమీ మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. అతను మళ్ళీ ప్రయత్నించాడు, రెమీ మళ్ళీ అడ్డంగా ఊపాడు. సభలో ఎవరూ దగ్గడం లేదు. చివరికి ఎదుటివాడు పట్టుకున్నాడు, పుస్తకంలోని జవాబు చెప్పాడు, గెలిచాడు. సభ ముగిసేటప్పుడు అధ్యక్షస్థానంలోని ముసలి ప్రొఫెసర్ కళ్ళజోడు తుడుచుకుంటూ, “జవాబు మా పుస్తకంలో ఉంది. ఆ ఆక్షేపణ మాత్రం లేదు,” అన్నాడు. అది పొగడ్తో మందలింపో ఎవరికీ తెలియలేదు. రెమీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మే నెలలో ఒక ఆదివారం అమ్మతో గుడి దాకా వెళ్ళాను. మామూలుగా గుమ్మం దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆ రోజు వాన పడుతున్నందువల్ల లోపలికి వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను. బలిపూజ మధ్యలో మా పేట చర్చిని, అంటే మా విచారణను, చూసే గురువు ఫాదర్ గూసెన్స్ కాగితం విప్పి, మన విచారణకు చెందిన రెమీ పెంతెకోస్తు పండుగ తర్వాతి శనివారం మెఖెలెన్‌లో బిషప్ ఉండే ప్రధాన దేవాలయంలో గురుపట్టానికి ముందున్న మెట్టు ఎక్కబోతున్నాడని చదివాడు. ఆ మెట్టు ఎక్కినవాడికి ఇక పెళ్ళి లేదు, వెనుదిరగడం లేదు. చివర్లో ఆనవాయితీ ప్రకారం, ఈ యువకుడికి పట్టం ఇవ్వడానికి అడ్డువచ్చే సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పడం వారి ధర్మమని చదివి, కాగితం మడిచాడు.

జనం అమ్మ వైపు తిరిగి నవ్వారు. అమ్మ తిరిగి నవ్వింది. ఆ నవ్వును నేను నా ఊహకు మరొక సాక్ష్యంగా జమకట్టుకున్నాను. రెమీ వసతిగృహంలో చేరిన ఈ నాలుగేళ్ళలో నా అభ్యంతరాన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అధికారికంగా, బలిపీఠం ముందునుంచి అడుగుతున్నారు.

మర్నాడు బడి వదలగానే గురువు ఇంటికి వెళ్ళాను. ఫాదర్ గూసెన్స్ అంగీని మోకాళ్ళ దాకా ఎగదోపి పెరట్లో చిక్కుడుపాదులకు కర్రలు పాతుతున్నాడు.

“ఫాదర్, నిన్న మీరు అడిగారు. అభ్యంతరం చెప్పడానికి వచ్చాను.”

“ఓహో. ముందు ఈ కర్ర పట్టుకో.” కర్ర మీద రాయితో కొట్టాడు. “పన్నెండో ఏటనించి నువ్వు చెప్పిన అభ్యంతరాలు వింటూనే ఉన్నాగా. నీది అభ్యంతరం కాదు గాస్టన్, అలవాటు.”

“ఇది వేరండీ. వాడు ఇష్టపడి వెళ్ళడం లేదు. అమ్మ కోసం వెళుతున్నాడు. బలవంతపు పట్టం చెల్లదని మీ చట్టమే చెబుతోంది.”

“మా చట్టం నాకే చెబుతున్నావ్. బాగుంది. వాడు నీతో అన్నాడా?”

“అన్లేదు.”

“మీ అమ్మ అందా?”

“లేదు.”

“మరి నీకెలా తెలుసు?”

“చూస్తే తెలుస్తోంది.”

ఆయన రాయి కింద పెట్టి నడుం పట్టుకుని లేచాడు. “నీ క్లాసులో పిల్లాడు ప్రయోగం చెయ్యకుండా ‘చూస్తే తెలుస్తోంది’ అని రాస్తే ఎన్ని మార్కులేస్తావయ్యా?”

నేను కర్రను ఇంకో చేతికి మార్చుకున్నాను.

“చూడు నాయనా. వాడి నోటి మాట పట్టుకురా. నీ ఊహ కాదు, వాడి మాట. తెచ్చిన రోజు ఏ వేళైనా తలుపు కొట్టు. అప్పటికప్పుడు మెఖెలెన్‌కి ఫోన్ చేస్తా, నీతో వాదం పెట్టుకోను. మాటంటే మాటే. అదిగో, ఆ కర్ర వంకరగా పట్టుకున్నావు.”

పట్టానికి ముందు గురువిద్యార్థులు ఏకాంత ధ్యానంలోకి వెళతారు; ఆ తర్వాత ఇంటివాళ్ళతో మాట ఉండదు. దానికి ముందటి చివరి గురువారం రెమీ వచ్చేసరికి అమ్మ మిషన్ మీద ఉంది. బల్ల మీద ముల్లంగి ముక్కలూ వెన్నజున్నూ పరిచిన రొట్టెలున్నాయి. ప్రొఫెసర్ గారి ఒంటి మీద ఎవరో లావుపాటి గురువు అంగీ ఉంది. నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేస్తున్నారు.

“ఫాదర్ గూసెన్స్ దగ్గరికి వెళ్ళొచ్చాను,” అన్నాను.

“తెలుసు. రొట్టెల కొట్టావిడ మా వసతిగృహానికి రొట్టెలతో పాటు ఆ కబురూ పంపింది.”

“నువ్వు మెఖెలెన్ వెళ్ళకూడదు రెమీ.”

“ఎందుకు?”

“నీకిష్టం లేదు కాబట్టి.”

“ఆ మాట నేనెప్పుడన్నాను?”

“అనక్కర్లేదు.”

రెమీ చేతిలోని రొట్టెను పళ్ళెంలో పెట్టాడు. కోపం వచ్చినప్పుడు అతని గొంతు తగ్గుతుంది. “తపస్సు కాలం నించి నీ మాటలు ఎన్నిసార్లు తిరిగి చెప్పానన్నయ్యా? నువ్వు కాదంటే మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాదంటే మళ్ళీ. నా మాట ఒక్కసారైనా నువ్వు తిరిగి చెప్పావా?”

“అది పూర్వపక్షి పని కాదు.”

“ఇవాళ చెయ్యి. ప్రొఫెసర్ గారేమీ అనుకోరు. నేను వెళుతున్నాను. ఎందుకు వెళుతున్నానో ఇన్ని వారాలుగా నీ ఎదురుగా కూర్చుని చెబుతూనే ఉన్నాను, నోటితో కాకపోయినా. నువ్వు చెప్పు, వింటాను.”

“అమ్మ కోసం వెళుతున్నావు,” అన్నాను.

“కాదు.”

మిషన్ ఆగింది. అమ్మ నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చింది.

“నా కోసమా?”

“నేనన్లేదమ్మా,” అన్నాడు రెమీ.

“నువ్వన్లేదు. వాడన్నాడు. వాణ్ణే అడుగుతున్నా. గాస్టన్, గురువు అవమని వీడితో నేనెప్పుడన్నానురా? తల్లులంతా పిల్లల్ని కొలతలకి తీసుకొచ్చి ఇక్కడ నిలబడి ఏడుస్తారు. సంతోషంతో ఏడుస్తున్నాం అంటారు. నేను టేపు పట్టుకుని చూస్తూ ఉంటా. పెళ్ళి మాటెత్తితే మేడెక్కి తలుపేసుకునేవాడు ఒకడున్నాడు, ఇంటికొకడు చాలదా అనుకునేదాన్ని.”

“మరి ఎందుకు ఆపలేదు?”

“వాడికిష్టమనుకున్నా. వాడు సంతోషంగా ఉంటే నేను నవ్వుతూ ఉండాలనుకున్నా.”

నేను నెలల తరబడి కట్టుకున్న ఊహ ఒక్క నిమిషంలో ఆ బల్ల మీద కూలిపోయింది. రెమీ జాలి చూపలేదు.

“రెండోసారి చెప్పు.”

“నీకు విశ్వాసం పోయింది. ఇంత దూరం వచ్చాక వెనక్కి రావడానికి భయపడుతున్నావు.”

“కాదు. విశ్వాసం పోలేదు. పోవాలని నీ కోరిక. కొట్టెయ్యడానికి సులువుగా ఉండేలా నా మాట మార్చావు.”

ఆ వాక్యం ఎక్కడ విన్నానో నాకు గుర్తుంది. నేను కిటికీ వైపు చూశాను. తలలేని లావుపాటి గురువు వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. రెమీ గురించి నాకు తెలిసినదాన్ని, నేను కట్టిన అర్థాలు పక్కకు తోసి, మొదటినుంచి పేర్చుకోవడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుని ఆక్షేపణ వినడం. సభలో ఎర్రబడిన చెవులు. పదేళ్ళ వయసులో, చనిపోయిన పిచ్చుక ఎక్కడికి వెళ్ళిందని అడిగి, అమ్మ స్వర్గానికి అంటే, సంతోషించకుండా ‘ఏ దారిన?’ అని అడగడం.

“నీకు అడగడం ఇష్టం,” అన్నాను.

అతను కదలలేదు. “చెప్పు.”

“దేవుడున్నాడనే నీ నమ్మకం. ఉన్నాడు గనుకే అడగాలని నీకు. లేకపోతే అడగడానికేముంది, నాలాగా ఊరుకుంటావు. జీవితమంతా ఆ పుస్తకాల మధ్య కూర్చుని అదే అడుగుతూ ఉండాలని నీ ఆశ. అలా కూర్చోగలిగే గది ఈ ఊళ్ళో ఒక్కటే. మామూలు జనానికి సాయంత్రం తరగతులున్నాయి గాని, అక్కడ చెప్పింది వినడమే. అసలు గదిలోకి అంగీ లేనివాణ్ణి రానివ్వరు. అందుకే అంగీ. ఆ గది కోసం.”

వంటింట్లో సూపు మూత టకటకమని కొట్టుకుంటోంది.

“అవును,” అన్నాడు రెమీ, సభామందిరంలో అనే పద్ధతిలోనే. “నేనన్నది అదే.”

నియమం ప్రకారం ఇప్పుడు జవాబు చెప్పే హక్కు నాది. దాని కోసమే నాలుగేళ్ళు ఎదురుచూశాను. నోరు తెరిచాను. తెరిచిన నోట్లో రొట్టెముక్క పెట్టుకున్నాను.

“జవాబు లేదా, ఒప్పుకుంటున్నావా? రెండూ వేరు,” అన్నాడు.

“ఒప్పుకుంటున్నాను.”

అమ్మ లేచి గిన్నె దించింది. “ఆ అంగీ లేకపోతే ఆ గది లేదు. అంతేనా?” అని పొయ్యి వైపు తిరిగే అడిగింది.

“అంతే అమ్మా.”

“ఊఁ.” సూపు వడ్డించింది. తినడం అయ్యాక టేపు తీసుకుని రెమీ వెనక నిలబడింది. “చెయ్యెత్తు. ఇటు. ఇంకొంచెం.” భుజాలూ చేతులూ కొలిచి, ఎక్కడా రాసుకోకుండా మెడలో టేపు వేసుకుంది. పట్టం రోజు వేసుకునే తెల్లంగీ ఎప్పుడో కుట్టి, ఇస్త్రీ చేసి, అట్టపెట్టెలో పెట్టి ఉంది. మళ్ళీ కొలతలెందుకో నేను అడగలేదు.

మర్నాడు నేను ఫాదర్ గూసెన్స్ ఇంటి గేటు దాకా వెళ్ళాను. ఆయన అడిగినది ఇప్పుడు నా దగ్గర ఉంది: ఊహ కాదు, రెమీ నోటితో ఒప్పుకున్న మాట. తలుపు కొడితే ఆయన ఫోన్ చేస్తాడు, అందులో నాకు సందేహం లేదు. పాదులు అప్పుడే కర్రలను పట్టుకున్నాయి. అక్కడ నిలబడి ఆ మాటను లోపల మరోసారి తిరిగి చెప్పుకున్నాను. చెప్పుకునేకొద్దీ అది నాది కాదని తేలింది. దాన్ని మోసుకెళ్ళవలసినవాడు ఎవరో వాడే మోసుకెళ్ళాలి, లేదా మింగెయ్యాలి. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ వారమంతా కింద మిషన్ నడుస్తూనే ఉంది. పట్టాల ముందు పని ఎక్కువ ఉంటుందనుకున్నాను.

శనివారం పొద్దున్న అమ్మా నేనూ రైల్లో మెఖెలెన్ వెళ్ళాం. అమ్మ ఒడిలో పెద్ద సంచి ఉంది. దేవాలయంలో బంధువులకు కేటాయించిన బెంచీల్లో, స్తంభం అడ్డు రాని చోటు చూసుకుని కూర్చున్నాం. తెల్లంగీలు తొడుక్కున్న యువకులు వరసగా వచ్చి బిషప్ ఎదుట నిలబడ్డారు. అందరి కుడిచేతుల్లో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. రెమీ చివరినుంచి రెండోవాడు.

బిషప్ కూర్చుని వాళ్ళను ఉద్దేశించి లాటిన్‌లో చదివాడు. ఆ చదివింపు పాతది. బడిలో నేర్చిన లాటిన్‌తో నేను దాన్ని అనుసరించగలిగాను. ఇంతవరకు మీరు స్వతంత్రులు, కావాలంటే లోకంలోకి తిరిగి వెళ్ళవచ్చు. ఈ మెట్టు ఎక్కాక వెళ్ళలేరు. కనుక వ్యవధి ఉండగానే మళ్ళీ మళ్ళీ ఆలోచించుకోండి. ఆలోచించుకున్నా ఇదే మీ సంకల్పమైతే, ప్రభువు పేరిట ముందుకు రండి.

అప్పుడు వాళ్ళు ఒక అడుగు ముందుకు వేయాలి. ఆ తంతులో మనిషిని కట్టివేసేది ప్రమాణం కాదు, సంతకం కాదు, ఆ అడుగు. దాన్ని పెట్టినవాళ్ళ మీద నాకు ఆ క్షణం గౌరవం కలిగిందని చెప్పడం న్యాయం. అడుగు వేసేముందు ఎంత సేపు ఆగాలో ఎక్కడా రాసి లేదట.

వరస కదిలింది. గడ్డి మీద గాలి వీచినట్టు తెల్లంగీలన్నీ ఒక్కసారి ముందుకు వెళ్ళాయి. ఒకటి వెళ్ళలేదు.

తంతు నడిపిస్తున్న గురువు అతను పరధ్యానంలో ఉన్నాడనుకున్నాడు కాబోలు, రమ్మని వేళ్ళతో సైగ చేశాడు. రెమీ తల అడ్డంగా ఊపాడు. సభలో ఎదుటివాడు తన మాట సరిగా తిరిగి చెప్పనప్పుడు ఊపినంత మర్యాదగా. కొవ్వొత్తిని ఆయన చేతికిచ్చి, బిషప్‌కు నడుం వంచి నమస్కరించి, పక్కనున్న తలుపు వైపు నడిచాడు. అతని వెనక, వరసలో మిగిలినవాళ్ళు తంతు ప్రకారం నేల మీద బోర్లా పడుకున్నారు. ప్రార్థన మొదలైంది. అంతా సాఫీగా సాగిపోయింది; వెనక బెంచీలవాళ్ళలో చాలామంది గమనించి కూడా ఉండరు.

అమ్మ నా మోచేయి తట్టింది. “పద. బయట చలిగా ఉంటుంది వాడికి.”

సంచిలో కోటు ఉంది. గోధుమరంగు కోటు. నాన్న పోయాక మా ఇంట్లోకి నలుపూ తెలుపూ తప్ప మరో రంగు గుడ్డ రావడం నేను చూడలేదు.

“వాడు అడుగు వేసి ఉంటే?” అన్నాను.

“వేసి ఉంటే నువ్వు తొడుక్కునేవాడివి. భుజాలు కాస్త వదులుగా పెట్టా.”

తిరుగు రైల్లో రెమీ కిటికీ పక్కన కూర్చున్నాడు. కోటు చేతుల అంచులను వేలితో తడుముతున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా నా వైపు తిరిగాడు.

“గురువారం నువ్వు జవాబు చెప్పాల్సింది. నువ్వు చెప్పలేదని నేనే వెతుక్కున్నా.”

“దొరికిందా?”

“చిన్నదే. అడగడం నాకిష్టం. కానీ గురువునయ్యాక చావబోయేవాడి మంచం పక్కన నిలబడి నేను అడక్కూడదు కదా. అక్కడ చెప్పాలి. వాడు దానికోసమే పిలుస్తాడు. ఆ గది కోసం ఈ మంచాన్ని మోసం చెయ్యలేను.”

అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోవడం లేదు.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పవచ్చు. మా వీధిలో ‘విడిచిన అంగీ’ అనేది తిట్టు. దాన్ని కొన్నేళ్ళు మోశాం. అమ్మకు అంగీలు ఇవ్వవద్దని ఎవరూ అనలేదు, ఇవ్వడం మానుకున్నారు. అమ్మ నీలమూ గోధుమా కుట్టడం నేర్చింది. మా పాఠశాల ఉపాధ్యాయుల్లో సగంమంది ఆమె కోట్లలోనే పాఠం చెప్పారు. రెమీ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఎక్కువగా దైవశాస్త్ర పత్రికలే వచ్చేవి. ఇతరుల వాదాల్లో అచ్చుతప్పులు సరిచేస్తూ, వాదాల్లోని తప్పులను ముట్టుకునే హక్కు లేక వదిలేస్తూ పన్నెండేళ్ళు గడిపాడు. ఈలోగా రోములో చర్చి పెద్దల మహాసభ జరిగి, ఆ గది తలుపు అంగీ లేనివాళ్ళకు కూడా తెరిచారు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఆ గోధుమరంగు కోటుతోనే అతను లోపలికి వెళ్ళాడు. ఇప్పటికీ అతను నమ్ముతాడు, నేను నమ్మను.

కానీ ఆ వసంతం నా లెక్కలో ముగిసింది మెఖెలెన్‌లో కాదు, ఆ తర్వాతి గురువారం.

అలవాటైన వేళకు రెమీ కిందికి దిగి వచ్చి, అలవాటైన కుర్చీలో కూర్చున్నాడు. సాధన చేయడానికి పరీక్ష లేదు, సభ లేదు. తన పేర ఉన్న గ్రంథాలయం పుస్తకాలన్నీ సోమవారమే తిరిగి ఇచ్చేసి వచ్చాడు. ప్రొఫెసర్ గారి ఒంటి మీద ఏ బట్టా లేదు. నారగుడ్డ చుట్టిన ఛాతీ, దాని మీద వేల సూదులు గుచ్చిన మచ్చలు కనిపిస్తున్నాయి. అమ్మ మిషన్ ముందు కూర్చుని, కుట్టేందుకేమీ లేక, నూనె పోస్తోంది.

తమ్ముడు అంగీ విడవాలని నేను కోరుకున్నాను. విడిచాడు. అతను దేన్ని పోగొట్టుకున్నాడో అందరికంటే కచ్చితంగా తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనే.

“ఒక ఆక్షేపణ వెయ్యన్నయ్యా,” అన్నాడు రెమీ. “ఏదో ఒకటి. ఊరికే.”

నా దగ్గర ఆక్షేపణలకు కొదవ లేదు. ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని అక్కడే ఉంచి, కుర్చీని అతనికి ఎదురుగా లాక్కున్నాను.

“ఇవాళ నువ్వు వెయ్యి,” అన్నాను. “నేను తిరిగి చెబుతాను.”